మైకల్ కొండలకు ఒక దినయాత్ర
ఛత్తీస్‌గఢ్ పర్యాటక మండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఆర్యా,

ఈ లేఖకు హిందీ ప్రతిని తమ కార్యాలయమునకు విడిగా పంపియున్నాను. అదే మనవిని తెలుగున బహిరంగముగా ప్రకటించుటకు హేతువేమనగా, ఇందులో కోరబడినది నా ఒక్కని కోరిక కాదు. శ్రీకాకుళ విశాఖపట్టణ మండలముల నుండియు, గోదావరీ తీరము నుండియు బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చి, ఈ భిలాయి ఉక్కునగరపు సెక్టార్లలో రెండు మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములు దీనిని చదివి, సమ్మతమైనచో వారును తమ మండలికిట్టి లేఖలు వ్రాయవలెననియు, అసమ్మతమైనచో నాతో వాదింపవలెననియు నా యభిలాష.

మనవి చిన్నది. శీతకాలపు ఆదివారములందు భిలాయి సివిక్ సెంటర్ నుండి తెల్లవారగనే బయలుదేరి, ధమధా కవర్ధాల మీదుగా భోరమ్‌దేవ్ ఆలయమును, మడ్వా మహల్‌ను దర్శింపజేసి, మైకల్ కొండలలోని చిల్ఫీ ఘాటు నెక్కించి, రాత్రికి మరల ఎవరి యిండ్లకు వారిని జేర్చు ఒక దినయాత్రను, శిక్షితుడైన మార్గదర్శితో సహా, తమ మండలి పక్షమున నడుపవలెను. ‘శిక్షితుడైన మార్గదర్శితో సహా’ అను మాటలను దయచేసి తేలికగా దాటిపోవలదు. ఈ లేఖ యంతయు ఆ మాటల కొరకే వ్రాయబడుచున్నది. బస్సు దొరకుట కష్టము కాదు, రోడ్డు బాగుగనే యున్నది, కొండమీద సరోదాదాదర్ వద్ద 2015-16 నాటి స్వదేశ్ దర్శన్ పథకపు జనజాతీయ వలయము క్రింద విడిదియు ఏర్పడినది. రాతిని చూపి మాటాడగల మనిషి యొక్కడు మాత్రము కొరవడియున్నాడు.

దినయాత్ర యనగా అల్పసంతోషుల వినోదమని కొందరు పరిహసింతురు. కర్మాగారపు జీవితము నెరిగినవారట్లనరు. ఉదయమారింటికి, మధ్యాహ్నము రెండింటికి, రాత్రి పదింటికి మారు షిఫ్టులకు తన దేహమును, నిద్రను, తుదకు పండుగలను సైతము అమర్చుకొని ముప్పదియేండ్లు గడపిన ఉద్యోగికి వారమున నొక్క ఆఫ్ దొరకును. బజారు, పిల్లల చదువు, బంధువుల పెండ్లి, బాలాజీ మందిరము అన్నియు ఆ యొక్క దినముననే ఇముడవలెను. సెలవులు కూడబెట్టుకొని కాశికో తిరుపతికో పోవువారు కలరు గాని, వంద కిలోమీటర్లు దాటగనే యున్న కొండలను చూడవలెనను తలంపు వారికి తోచుట అరుదు. ఇంతలో రిటైర్మెంటు వచ్చును. క్వార్టరు అప్పగించి, సామాను లారీ కెక్కించి, స్వగ్రామమునకు తరలిపోవుదురు. తమ యౌవనమంతయు గడపిన సీమకు ఉత్తరదిక్కున నేమున్నదో యెరుగకయే వెళ్లిపోయిన మిత్రులు నాకనేకులు కలరు.

ఇందుకు వారిని మాత్రమే తప్పుపట్టరాదు. సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరి 2న ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుండియు ఈ నగరపు చూపు దక్షిణముననున్న దల్లీ రాజహరా గనుల వైపునకే తిరిగియున్నది. ఇనుపరాయి అచ్చటి నుండి రావలెను, సున్నపురాయి నందిని నుండి రావలెను, డోలమైటు హిర్రీ నుండి రావలెను. అందుచేత కొండ యనిన మాకు మొదట ఖనిజమే స్ఫురించును గాని దృశ్యము స్ఫురింపదు. మైకల్ శ్రేణి నుండి మా కర్మాగారమునకు రావలసినదేదియు లేకపోవుటచే కాబోలు, అది మా పటములో చోటు చేసికొనలేదు.

అట్లని అది అజ్ఞాతమైన పర్వతము కాదు. సాత్పురా శ్రేణికి తూర్పు కొనయగు ఈ మైకలమే పురాణములలోని మేకలపర్వతము. అమరకోశము వల్లించిన ప్రతి బాలుడును నర్మదకు మేకలకన్యక యను పేరును కంఠస్థము చేసినవాడే. కాళిదాసు మేఘుని విశ్రమింపజేసిన ఆమ్రకూటము ఈ శ్రేణి శిఖరమైన అమరకంటకమే యని పలువురు పండితుల యభిప్రాయము. ఈ కొండవరుసకు మరియొక ఘనత కలదు. దీని యావలి వాలున కురిసిన వాన నర్మదను జేరి పడమటి సముద్రమునకు బోవును; ఈవలి వాలున కురిసినది హాంప్, సక్రీ వంటి యేరులబడి శివనాథమునందును, శివనాథముతో మహానదియందును గలిసి బంగాళాఖాతమునకు బోవును. దుర్గ్ ప్రక్కన ప్రవహించు ఆ శివనాథమును మేము దినదినము వంతెనమీదుగా దాటుచునే యున్నాము. ఆ నదిలో దిగువన కలియు నీటిలో కొంత ఏ కొండచరియ నుండి దిగివచ్చుచున్నదో చిల్ఫీ ఘాటుపై నిలువబెట్టి వ్రేలితో చూపగలవాడున్నచో, మా పిల్లలు పాఠశాలలో సంవత్సరమంతయు చదివిన భూగోళము పావుగంటలో వారికి బోధపడును.

చిల్ఫీ ఘాటు నెక్కు రహదారియు సామాన్యమైనది కాదు. అది 30వ నంబరు జాతీయ రహదారి. జబల్పూరు, మండ్లాల నుండి దిగివచ్చి, కవర్ధా, రాయపూరు, జగదల్పూరులను దాటి, కోంటా వద్ద రాష్ట్రపు టెల్లను విడిచి, భద్రాచలము, కొత్తగూడెముల మీదుగా విజయవాడ దాపున ఇబ్రహీంపట్నము వద్ద ముగియును. రామదాసు ఆలయము కట్టించిన యూరికిని, బైగా గిరిజనుల కొండకును ఒకే త్రోవ యని చెప్పిన తెలుగువాడెవ్వడు చెవి యొగ్గకుండును? ఇట్టి సంగతిని ఏ బోర్డుపైనను వ్రాయనక్కరలేదు. సమయమెరిగి పలుకుటకు ఒక నోరు కావలెను.

త్రోవలోని ధమధా వద్ద బస్సు కొంచెము సేపు నిలువవలెను. గోండు రాజుల కోట శేషములు గల ఆ యూరికి ఆరు ఇరువదులు, ఆరు, అనగా నూట ఇరువదియారు చెరువులుండెడివని జనశ్రుతి. నీరు లేని మెట్టను నీటిపల్లెగా జేసిన ఆ ప్రాచీనుల పూనిక, ఏ యుక్కు కొలిమికిని తీసిపోని శ్రమ యని నా మతము. ఆ పిమ్మట కవర్ధా చుట్టును చెరకు తోటలు, బెల్లపు బట్టీలు, భోరమ్‌దేవుని పేరనే వెలసిన సహకార చక్కెర కర్మాగారము కనబడును; అనకాపల్లి నెరిగినవారికి ఆ వాసన కొత్త గాదు.

ఇక భోరమ్‌దేవ్. కవర్ధాకు పదునెనిమిది కిలోమీటర్ల దూరమున, అడవితో గప్పబడిన కొండలు మూడుదిక్కుల క్రమ్ముకొనియుండగా, ఒక తటాకమున కెదురుగా, ఎత్తైన జగతిపై తూర్పుముఖముగా నిలచిన శివాలయ మది. క్రీస్తుశకము పదునొకండవ శతాబ్దిలో ఈ సీమ నేలిన ఫణినాగవంశపు రాజుల కాలమునాటిది. ఆలయమునందలి ఒక ఉపాసక ప్రతిమపై గోపాలదేవుని పేరును, కలచురి శకము 840వ సంవత్సరమును, అనగా క్రీ.శ. 1088-89, చెక్కబడియున్నవి. మండపమునకు మూడు దిక్కుల ద్వారములు గలవు. గర్భగృహము మండపముకంటె పల్లమున నుండుటచే, దేవుని చూడగోరువాడు మెట్లు దిగి చీకటిలోనికి పోవలెను. వెలుపల గోడలపై మూడు వరుసలుగ వినాయకుడు, నటరాజు, విష్ణుని యవతారములు, నర్తకులు, మద్దెల వాయించువారు, వేటగాండ్రు, ఏనుగులు, మిథునములు బారులు తీరియుందురు. దాపుననే ఇటుకలతో గట్టిన మరియొక ఆలయపు శిథిలము కలదు. గోండులు బోరమదేవుడని తమ దైవముగ కొలుచుచుండగా, పురోహితులు శివుడని యభిషేకించుచుండగా, రెండు పూజలు నొక్క రాతికే చెందుట యిక్కడి విశేషము. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1881-82 నాటి మధ్యపరగణాల యాత్రా నివేదికలో ఈ గుడిని వర్ణించెను.

ఈ యాలయమునకు ‘ఛత్తీస్‌గఢ్ ఖజురాహో’ అను బిరుదు తగిలింపబడినది. ఆ బిరుదును తొలగింపవలెనని తమను గట్టిగ కోరుచున్నాను. చందేలుల ఖజురాహో చందేలులదే. ఫణినాగుల గుడి ఫణినాగులదే. పెద్దింటివారి పేరు చెప్పుకొని పెండ్లికి పోయినవాని స్థితి దీనికేల పట్టవలెను? ఆ పోలిక వలన జరుగు హాని యేమనగా, వచ్చినవాడు మిథున శిల్పముల కొరకే వచ్చును, అవి కనబడగనే ఫోటో తీసికొని నవ్వుకొనును, తక్కిన గోడను చూడడు. పిల్లలతో వచ్చిన కుటుంబీకుడు తల వంచుకొని ప్రదక్షిణము ముగించును, వాడును తక్కిన గోడను చూడడు. మధ్యయుగమున కోణార్కము మొదలుకొని దేశమంతట ఆలయకుడ్యములపై నున్న ఆ మూర్తులను గురించి నాలుగు వాక్యములలో నిస్సంకోచముగ జెప్పి, వెంటనే మద్దెల వాయించువాని వ్రేళ్లను చూపగల మార్గదర్శి యున్నచో, ఈ యిరువురి తలలును పైకెత్తబడును.

అచ్చటికి అనతిదూరమున, పొలముల నడుమ, మడ్వా మహల్ అను మరియొక శివాలయము గలదు. పెండ్లిపందిరి వలె పదునారు స్తంభములతో నుండుటచే ప్రజలాపేరు పెట్టిరి. పేరు తగినదే, ఏలయన, ఇచ్చటి 1349 నాటి శాసనము ఫణినాగ రాజైన రామచంద్రదేవునికిని, హైహయ రాజపుత్రి యైన అంబికాదేవికిని జరిగిన వివాహమును పేర్కొనును. ఆ శాసనమే ఈ వంశపు వృత్తాంతమునకెల్ల ఆధారము. జాతుకర్ణ మునికూతురైన మిథిలకును ఒక నాగునికిని అహిరాజు జన్మించెననియు, అతనితో వంశము మొదలైనదనియు అందు వ్రాయబడినది. ఈ కథ వినగానే తెలుగువానికి తన యింటి కథ స్ఫురింపకపోదు. హైహయులు మనకు పరాయివారా? పల్నాటి కథలోని అనుగురాజు కార్తవీర్యార్జునుని సంతతియగు హైహయుడే. కోనసీమ నేలిన కోనహైహయులును ఆ వంశమువారమనియే చెప్పుకొనిరి. అదే రీతిగ దక్షిణమున బస్తరును చక్రకూటమని యేలిన నాగులు వేరు శాఖవారైనను, వారి కాలమున బార్సూరులో తెలుగుచోడ సామంతుడైన చంద్రాదిత్యుడు తెలుగుననే శాసనము వేయించెను. నేటి ఛత్తీస్‌గఢ్‌లో తెలుగువాడు 1955 తరువాత దిగిన వలసకూలీ మాత్రమే యనుకొనుట చరిత్ర నెరుగమిచే కలిగిన చిన్నచూపు. మడ్వా మహల్ స్తంభముల నడుమ కూర్చుండి ఈ మాటలు చెప్పు మార్గదర్శి తెలుగువాడే కానక్కరలేదు. హిందీలో చెప్పినను మేము విందుము.

మార్గదర్శి లేని యాత్ర యెట్లుండునో నాకు అనుభవమున్నది. గత శీతకాలమున ఒక ప్రయివేటు సంస్థవారి బస్సులో ఇదే త్రోవన పోయితిమి. సంస్థ పేరు ఇక్కడ అనవసరము. కరపత్రముపై ‘గైడు కలడు’ అని యుండెను. ఆ గైడు బస్సు క్లీనరే. పాపము, అతని దోషమేమియు లేదు, టికెట్టు చింపుట, సామాను సర్దుట, చరిత్ర చెప్పుట యను మూడు కొలువులును అతని యొక్కని నెత్తిననే రుద్దిరి. ఆలయమువద్ద సెల్‌ఫోన్ తెరచి ఒక పుటను ఏకబిగిని చదివి, ‘అరగంటలో బస్సు కడకు రండి’ అనెను. ఆ యరగంటకు పూర్వము ఒక ధాబావద్ద గంటన్నర గడచియుండెను. ఆ ధాబాకును బస్సు యజమానికిని గల బాంధవ్య మేమో మాకు తెలియదు గాని, పనీరు మాత్రము ఆలస్యముగ వచ్చెను. కరపత్రములో తొమ్మిది ‘దర్శనీయ స్థలము’లుండుటచే మడ్వా మహల్‌ను కిటికీలోనుండి చూచితిమి. చిల్ఫీ ఘాటు నెక్కునప్పటికి ప్రొద్దు క్రుంకినది. క్లీనరు చీకటిలోనికి చేయి చాచి, ‘అదిగో లోయ’ అనెను. బస్సులోని వారందరును భక్తితో ఆ చీకటిని ఫోటోలు తీసికొనిరి.

కావున నా రెండవ కోరిక: స్థలములు తక్కువగ నుండవలెను. ధమధాలో పావుగంట, భోరమ్‌దేవ్‌లో రెండు గంటలు, మడ్వా మహల్‌లో ఒక గంట, బోడ్లాలో భోజనము, వెలుతురుండగనే చిల్ఫీ. అంతకుమించి చేర్పవలదు. ఛేరకీ మహల్‌ను, పచరాహీని, కాన్హా జాతీయోద్యానపు టంచును గూడ అదే దినమున ఇరికింపవలెనని తమ అధికారు లెవరైన సూచించినచో, వారిని ఆ బస్సులోనే ఒకమారు త్రిప్పి తీసికొనిరమ్మని నా ప్రార్థన. ఆడువారికి శుభ్రమైన మరుగుదొడ్లు, వృద్ధులకు కూర్చుండుటకు నీడ, త్రాగుటకు నీరు గూడ కావలెనని వేరుగ చెప్పనక్కరలేదనుకొందును.

ఒక్క దినపు కొండయాత్ర అనగానే తెలుగువారికి అరకు తలపునకు వచ్చును. విశాఖపట్టణము నుండి పర్యాటక సంస్థవారు చిరకాలముగ నడపిన యాత్రలో ప్రొద్దున కొత్తవలస–కిరండూలు మార్గమున రైలులో పైకేగి, సొరంగముల చీకటి వెలుగులను చూచి, బొర్రా గుహలను, అరకు గిరిజన మ్యూజియమును దర్శించి, సాయంకాలమునకు అనంతగిరి మీదుగ బస్సులో దిగివచ్చెడివారు. ఆ రైలుదారి యాత్రికుల కొరకు వేయబడినది కాదు. తమ రాష్ట్రమందలి బైలాడిలా ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపానునకు బంపుటకు వేయబడినది. ఖనిజము కొరకు పుట్టిన త్రోవయే కాలక్రమమున కొండలను చూపు త్రోవ యైనది. ఏర్పాట్ల మట్టుకు అరకు యాత్ర అనుకరింపదగినదే: వేళకు కదలుట, వేళకు చేర్చుట, ఒక రుసుములో భోజనము నిమిడ్చుట. కాని భోజనానంతరము ధింసా నృత్యమును పావుగంట ప్రదర్శనగ జేసి, ఆడిన స్త్రీలతో నగరవాసులు వరుసగా ఫోటోలు దిగి, వారి పేరైనను అడుగక బస్సెక్కు పద్ధతిని మాత్రము ఇచ్చటికి తేవలదు.

ఈ హెచ్చరిక యేలయనగా, చిల్ఫీ, బోడ్లా ప్రాంతము బైగాల సీమ. ప్రభుత్వము విశేష దుర్బల జనజాతులలో నొకటిగ వారిని గుర్తించినది. మైకల్ కొండలలో ఏండ్ల తరబడి నివసించిన వెరియర్ ఎల్విన్ 1939లో ‘ది బైగా’ అను బృహద్గ్రంథమును ప్రకటించెను. నాగలితో భూమాత రొమ్మును చీల్చరాదను విశ్వాసముతో బేవర్ పోడుసేద్యము చేసికొనిన ఆ జాతి, అడవిచట్టముల వలన ఎట్లు పల్లములకు నెట్టబడెనో అందు వివరించెను. వారి స్త్రీల దేహములపై పచ్చబొట్లు చూచి బస్సుదిగిన ప్రతివాడును సెల్‌ఫోన్ ఎత్తుట అసహ్యకరమైన దృశ్యము. బైగా యువకులను ఆటకాండ్రుగ గాక మార్గదర్శులుగ నియమింపవలెను. సాలవృక్ష మెప్పుడు పూయునో, ఏ కాలిజాడ యే జంతువుదో, ఇప్పపువ్వు ఏరు వేళ యేదో చెప్పుటకు వారికి మించిన పండితులు లేరు. ఆ కొండల పైననే బోదై–దల్దలీ వద్ద బాక్సైటు గనులున్నవి. ఆ రాయి కోర్బాలోని అల్యూమినియం కర్మాగారమునకు బోయెడిది. దానిని గూర్చియు మార్గదర్శి దాచక చెప్పవలెను. ఉక్కునగరపు వారము మేము. గని యనిన బెదరిపోము, గని వలన ఎవరికేమి దక్కినదో, ఎవరికేమి పోయినదో అడుగుట మాకు తెలియును.

ఆలయముల వివరణకు వేరు శిక్షణము గావలెను. అందుకును దూరమేగనక్కరలేదు. 1956లో స్థాపితమైన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయము ఖైరాగఢ్‌లో, ఈ కొండలకు పోవు మరియొక త్రోవలోనే యున్నది. సంగీతము, నాట్యము, శిల్పము, చిత్రలేఖనము, కళాచరిత్ర బోధించు సంస్థ ఇంత చేరువన నుండగా, ఆ విద్యార్థులు పట్టములు చేతబట్టుకొని పని కొరకు ఢిల్లీ బొంబాయిల వైపు చూచుచుండగా, ఇచ్చట క్లీనర్లు చరిత్ర చెప్పుట న్యాయము కాదు. ఒక విద్యార్థిని, ఒక బైగా యువకుని జంటగ ప్రతి బస్సునకు నియమించి, వారికి దినభత్యము గాక స్థిరమైన వేతనము నిచ్చినచో, రాతికి ఒకరు, అడవికి ఒకరు మాటాడుదురు. టికెట్టుపై కొంత హెచ్చించిన వ్యయము సరిపోవును. చెల్లించుటకు భిలాయివారు వెనుదీయరని నా నమ్మకము.

ప్రారంభమునకు అదను కార్తికమాసము. వానలు వెనుకబట్టి, వరికోతలు మొదలై, కొండగాలి చల్లబడియుండును. పుష్యమాసము వచ్చుసరికి చిల్ఫీలో కొన్ని తెల్లవారుజాములందు గడ్డిపై మంచు గడ్డకట్టును గాన పిల్లలతో పోవువారికి కష్టము. హోళీ తరువాత చైత్రమున జరుగు భోరమ్‌దేవ్ మహోత్సవము వరకు ఆగవలెనని యెవరైన సలహా యిచ్చినచో వినవలదు. ఆ జనసమ్మర్దములో గోడ కనబడదు, గొంతు వినబడదు.

తెలుగు పాఠకులారా, తమకొక మాట. పర్యాటక మండలి వారి రాయపూరు కార్యాలయమునకు ఒక్కొక్క యుత్తరము వ్రాయుడు. హిందీ రానివారు పిల్లలచేత వ్రాయింపుడు. మీ ఇంటి నుండి ఎందరు వత్తురో, మీ ఆఫ్ ఏ వారమున పడునో, మార్గదర్శి ఏ భాషలో చెప్పవలెనో, ఈ మూడు సంగతులు వ్రాసిన చాలును.

ఇట్లు,
భవదీయుడు,
భిలాయి నగరవాసి యగు ఒక తెలుగువాడు